ఫ్లోరైడ్ ఎముకలు, ప్రొస్టేట్ క్యాన్సర్: దక్షిణ తెలంగాణ నుంచి మొదలవ్వాల్సిన పరిశోధన

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు పుట్టి పెరిగిన డెబ్బై ఏళ్ల మనిషికి నడుం ఎక్స్‌రే తీస్తే వెన్నుపూసలు మామూలుకన్నా తెల్లగా, దట్టంగా కనిపించడం కొత్తేమీ కాదు. చూసినవాళ్లు ఫ్లోరైడ్ (బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు) అంటారు, నొప్పి గోలీలు రాస్తారు, మనిషి ఊరికి పోతాడు. చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు కూడా అవే వెన్నుపూసలు, అదే కటి భాగం, అలాగే తెల్లబడతాయి. వేరే క్యాన్సర్లు చాలావరకు ఎముకను తినేస్తాయి, ఎక్స్‌రేలో నల్లటి గుంతలు కనిపిస్తాయి. ప్రొస్టేట్ క్యాన్సర్ మాత్రం కొత్త ఎముకను అడ్డదిడ్డంగా పేర్చుకుంటూ పోతుంది. ఫ్లోరైడ్ చేసే పనీ దాదాపు అదే. నడుం పట్టేయడం, వంగలేకపోవడం, చివరికి వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు పట్టు తప్పడం రెండింటిలోనూ ఉన్నాయి. ఎముక తయారయ్యేటప్పుడు పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ రక్తంలో రెండింటిలోనూ పెరుగుతుంది. బోన్ స్కాన్ తీసినా ఎముక చురుగ్గా తయారవుతున్న చోటల్లా మెరుస్తుందే తప్ప ఎందుకు తయారవుతోందో చెప్పదు.

విడదీసి చూసే దారులు లేకపోలేదు. ముంజేతికి ఎక్స్‌రే తీస్తే ఫ్లోరోసిస్ ముదిరినవాళ్లలో అక్కడి రెండు ఎముకల మధ్య పొర సున్నంలా గట్టిపడి కనిపిస్తుంది. క్యాన్సర్‌లో అది ఉండదు. పీఎస్‌ఏ (ప్రొస్టేట్ గ్రంథి నుంచి రక్తంలో చేరే ప్రొటీన్) రక్తపరీక్ష, అవసరమైతే బయాప్సీ అసలు సంగతి తేలుస్తాయి. చిక్కు ఎక్కడంటే, ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు. ముంజేతిలో ఫ్లోరైడ్ గుర్తు కనబడిందని వెన్నెముక నొప్పిని కూడా దాని ఖాతాలోనే వేసేస్తే, వెనకాల ఉన్న క్యాన్సర్ ఇంకో ఏడాది ఎవరి కంటా పడదు.

ఫ్లోరైడ్ ఎముకల నడుమ ప్రొస్టేట్ క్యాన్సర్‌ను ముందే ఎలా పట్టుకోవాలన్నది బోస్టన్‌లోనో లండన్‌లోనో పనిచేసే నిపుణుడికి రోజూ ఎదురయ్యే ప్రశ్న కాదు. అక్కడ కణితి జన్యువులను చదివే ల్యాబులున్నాయి, వేలమంది రోగుల వివరాలను ఏళ్ల తరబడి నమోదు చేసే రిజిస్ట్రీలున్నాయి, డబ్బుంది. ఇక్కడ ఆ ఎముకలున్న మనుషులున్నారు, వాళ్లను చూసిన డాక్టర్ల అనుభవం ఉంది. అంతర్జాతీయ పరిశోధన అనగానే మన దగ్గర చాలామందికి తట్టేది, మనవాళ్ల రక్తం, కణజాలం బయటికి వెళ్లడం, ఫలితం ఎక్కడో అచ్చవడం. నల్లగొండ, పాలమూరు ఆ తీరున చేరాల్సిన అవసరం లేదు. తమ ప్రశ్నతోనే చేరగలవు. ఈ వ్యాసం వాదన ఇదే.

ప్రపంచ పరిస్థితి చూస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌పై లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం, 2020లో ఏడాదికి 14 లక్షలున్న కొత్త కేసులు 2040 నాటికి 29 లక్షలకు చేరతాయి. మరణాలు 3.75 లక్షల నుంచి దాదాపు 7 లక్షలకు పెరుగుతాయి. ఈ పెరుగుదల ఎక్కువగా పేద, మధ్యాదాయ దేశాల్లోనే. కారణం మరీ వింతదేమీ కాదు, మగవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారు, ఇది ముసలితనంలో వచ్చే జబ్బు. తేడా ఎక్కడంటే, ధనిక దేశాల్లో బాధ ఏమంటే, అవసరం లేనివాళ్లకూ పరీక్షలు, ఆపరేషన్లు అవుతున్నాయని. మన దగ్గర బాధ ఏమంటే, జబ్బు ఎముకలకు పాకాక గానీ తెలియడం లేదని. అందుకే అక్కడి పరిష్కారాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకుంటే పని జరగదు.

వెనకబడిన జనాల్లో ఈ జబ్బును చదవడానికి దేశాలు చేతులు కలిపిన అనుభవం ఇప్పటికే ఉంది. ఆఫ్రికా మూలాలున్న మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ ఎక్కువ. అమెరికాలో నల్లజాతి మగవాళ్లు ఈ జబ్బుతో చనిపోయే రేటు తెల్లవాళ్లకన్నా సుమారు రెండింతలు. దీని వెనక జన్యువులెంత, వైద్యం అందకపోవడమెంత అని తేల్చాలంటే ఆఫ్రికాలోనే చూడాలి. సెనెగల్, ఘనా, నైజీరియా, దక్షిణాఫ్రికా ఆసుపత్రులు, అమెరికా పరిశోధకులు కలిసి నడిపే మ్యాడ్‌క్యాప్ అనే పరిశోధన బృందం అలా వచ్చిందే. అట్లాంటిక్‌కు రెండు వైపులా ఉన్న నల్లజాతి సమాజాలను కలుపుతూ సీఏపీటీసీ అనే మరో బృందం 2005 నుంచి పనిచేస్తోంది. మ్యాడ్‌క్యాప్ చేసిన ఒక పని ఇక్కడ బాగా పనికొస్తుంది. జన్యు పరీక్షలకు వాడే చిప్‌లు యూరప్ జనాన్ని చూసి తయారైనవి, ఆఫ్రికాలో కనిపించే తేడాలు వాటికి అందవు. అందుకని వాళ్లు ఆఫ్రికా జనానికి సరిపోయేలా సుమారు 15 లక్షల జన్యు గుర్తులతో వేరే చిప్ తయారుచేసుకున్నారు. ఇతరుల కొలబద్దతో కొలవడం మానేసి తమ కొలబద్ద చేసుకున్నారు.

మనకూ ఆ అవసరం ఉంది. 2023లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన పెద్ద అధ్యయనం 1.56 లక్షలకు పైగా రోగుల జన్యువులు చూసి, ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పును పెంచే 451 గుర్తులను చెప్పింది. అందులో ఆసియా వాటా దాదాపు 10,800 మంది, వాళ్లూ చాలావరకు తూర్పు ఆసియావాళ్లు. ఆ గుర్తులతో లెక్కగట్టే ముప్పు స్కోరు తెలుగువాళ్లకు ఎంతవరకు సరిపోతుందో పరీక్షించి చూడకుండా వాడటం మంచిది కాదు. పైగా మన సమాజం కులాల లోపల, మేనరికాల్లో పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2009లోనూ, 2017లోనూ చూపించింది ఇదే. దక్షిణాసియాలో ఎన్నో సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయి, అందుకే కొన్ని అరుదైన జన్యులోపాలు ఒక సమూహంలోనే గుమిగూడి ఉంటాయి. మత్తు మందు ఇచ్చాక కండరాలు చాలాసేపు కదలకుండా పోయే లోపం వైశ్యుల్లో ఎక్కువగా కనిపించడం దానికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ప్రొస్టేట్ విషయంలోనూ అలాంటిదేమైనా ఉందా అన్నది అడగదగ్గ ప్రశ్నే. అయితే జన్యువుల దగ్గర మొదలుపెట్టడం తలకిందుల పని. ముందు మనుషులను లెక్కపెట్టాలి.

లెక్క ఎంత పలుచగా ఉందో చూడండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1981లో మొదలైంది. 2020 నివేదిక నాటికి దేశమంతా కలిపి 28 జనాభా ఆధారిత రిజిస్ట్రీలున్నాయి, అవి చూసేది సుమారు పదో వంతు జనాన్ని, అందులోనూ ఎక్కువ పట్టణాలనే. తెలంగాణ పేరుతో ఆ నివేదికలో ఉన్నది హైదరాబాద్. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ రైతుకు ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చి హైదరాబాద్‌లో వైద్యం చేయించుకున్నా, ఆ రిజిస్ట్రీ అతణ్ని తన జనాభాలో లెక్కించదు. దానికి నియమం ఉంది, కనీసం ఏడాదిగా ఆ ప్రాంతంలో ఉంటున్నవాళ్లే దాని లెక్కలోకి వస్తారు. ఇప్పుడు పాలమూరు వలసను ఈ నియమంతో పోల్చి చూస్తే అసలు కష్టం తెలుస్తుంది. ముంబై, పుణె వైపు మట్టి పనికో కట్టడం పనికో పోయి, నాలుగు నెలలు అక్కడ, నాలుగు నెలలు ఊళ్లో గడిపే మనిషి ఏ రిజిస్ట్రీకీ చెందడు. మూత్రం ఆగి ఆగి వస్తోందని మొదట చూపించుకున్నది ఒక రాష్ట్రంలో, పైపు వేయించుకున్నది ఇంకో చోట, చనిపోయింది సొంతూళ్లో. దేశంలో నమోదయ్యే మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి సుమారు 22 శాతమే. కాబట్టి ఆ చావు కూడా చాలాసార్లు వయసు మీద పడి పోయిన చావుగానే మిగిలిపోతుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, చిన్నదిగా కనిపిస్తుంది గానీ రేటు కట్టేటప్పుడు కాలికి అడ్డం పడుతుంది. లక్షమందిలో ఎందరికి అని చెప్పాలంటే ఆ లక్ష ఎవరో తెలియాలి. 2016లో జిల్లాలు విడిపోయాయి, 2019లో నారాయణపేట వేరైంది, కొన్ని మండలాలు రంగారెడ్డిలోకి పోయాయి. చేతిలో ఉన్న జనగణన 2011 నాటిది, పాత సరిహద్దులది. మండలాల వారీగా జనాభాను మళ్లీ కూర్చుకోకుండా ఏ అధ్యయనమూ ముందుకు కదలదు.

పల్లెల్లో రిజిస్ట్రీ నడవదన్న మాట మాత్రం నిజం కాదు. మహారాష్ట్రలోని బార్శీలో టాటా మెమోరియల్ సాయంతో 1987 నుంచే పల్లె రిజిస్ట్రీ నడుస్తోంది. కాగితాలు చూసుకుంటూ ఆసుపత్రిలో కూర్చోకుండా, సిబ్బంది ఊరూరా తిరిగి అనుమానం ఉన్నవాళ్లను పరీక్షలకు పంపించారు, అందుకే అది నిలబడింది. ఇక్కడ ఆ పనికి ఆధారాలు బార్శీ మొదలైన రోజులకన్నా ఎక్కువే ఉన్నాయి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదటి విడతగా అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఇన్నేళ్లుగా ఆపరేషన్లు, రేడియేషన్, కీమోకు పెట్టిన క్లెయిముల్లో రోగి ఊరు, వయసు, జబ్బు ఉన్నాయి. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. హైదరాబాద్‌లో 1955 నుంచి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వీటిని ఒక దారానికి గుచ్చే మనుషులు, జీతాలు లేవు. విదేశీ గ్రాంటు వస్తే మొదటి రూపాయి యంత్రానికి కాకుండా ఈ పనికి పోవాలి.

బయటి పరిశోధకులు ఈ నేలకు కొత్తేం కాదు. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఊళ్లలో ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని ఔరేపల్లి, దోకూరు ఉన్నాయి. కరువులో రైతు ఎలా తట్టుకుంటాడో ప్రపంచ ఆర్థికవేత్తలు నేర్చుకున్నది ఈ ఊళ్ల లెక్కల నుంచే. ఆక్స్‌ఫర్డ్ నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి పిల్లలను వెంబడిస్తూ వచ్చిన జిల్లాల్లోనూ మహబూబ్‌నగర్ ఉంది. రంగారెడ్డి జిల్లా 29 గ్రామాల్లో 1987 నుంచి 1990 వరకు గర్భిణులకు, పిల్లలకు పోషకాహారం ఇచ్చి చూసిన పనిని జాతీయ పోషకాహార సంస్థ, లండన్, బ్రిస్టల్ పరిశోధకులు తర్వాత పెద్ద కుటుంబ అధ్యయనంగా మార్చారు. వీటన్నిటిలో కనిపించే గుణం ఒకటే. ఒకసారి వచ్చి పోలేదు, అవే ఊళ్లకు, అవే ఇళ్లకు మళ్లీ మళ్లీ వచ్చారు. అడిగినవాళ్లు ఆ భాష, ఆ యాస తెలిసినవాళ్లు. మూత్రం సంగతి, దాంపత్యం సంగతి అరవై ఏళ్ల పెద్దమనిషిని అడగాలంటే అంత పరిచయం లేకుండా కుదరదు.

ఫ్లోరైడ్ విషయంలోనూ అంతే. నల్లగొండ పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాద్ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్‌లో రాశారు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970ల్లో తయారుచేసింది. తర్వాత మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు తెచ్చింది. నీళ్లు మారినా ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ వెంటనే పోదు, ఏళ్లు పడుతుంది. చిన్నప్పటి నుంచి బోరునీళ్లు తాగిన తరం సరిగ్గా ఇప్పుడు ప్రొస్టేట్ క్యాన్సర్ వయసులో ఉంది. ఇంకో ఇరవై ఏళ్లకు ఈ ప్రశ్నను ఇంత బాగా అడగగలిగే చోటు ఇక్కడ ఉండకపోవచ్చు, ఉండకూడదు కూడా.

ఆ ప్రశ్న రోగనిర్ధారణతో ఆగదు. జబ్బు పాకినవాళ్లకు మగ హార్మోను తగ్గించే వైద్యం చేస్తారు, దానితో ఎముకలు పలచబడతాయి. ఎముక బలం తెలుసుకోవడానికి డెక్సా స్కాన్ తీస్తారు. ఫ్లోరైడ్ ఎముక ఆ స్కాన్‌లో గట్టిగా ఉన్నట్టు అంకె చూపించవచ్చు, కానీ అంకె ఎక్కువ ఉన్నంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు. అమెరికాలో ఎముకలు పలచబడ్డ మహిళలకు ఫ్లోరైడ్ ఇచ్చి చూసిన పరీక్ష 1990లో ఈ సంగతి తేల్చింది. వెన్నెముక సాంద్రత పెరిగింది, వెన్నుపూసలు విరగడం తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. మరి నల్లగొండ రోగికి హార్మోను వైద్యం ఇస్తున్నప్పుడు ఎముకలను ఎలా కాపాడాలి, ఏ పరీక్షను నమ్మాలి? ఏ దేశపు మార్గదర్శకాల్లోనైనా ఫ్లోరోసిస్ ఉన్న మనిషి సగటు రోగి కాదు. ఇక్కడ తేలే జవాబు రాజస్థాన్‌కూ, చైనాకూ, తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయకూ పనికొస్తుంది, అక్కడా ఫ్లోరైడ్ నీళ్లున్నాయి. విదేశీ భాగస్వామి అంటే అమెరికా, బ్రిటన్ మాత్రమే కానక్కర్లేదని కూడా దీంతో తెలుస్తుంది. కెన్యా, టాంజానియా డాక్టర్లకు ప్రొస్టేట్ క్యాన్సర్, ఫ్లోరైడ్ రెండూ తెలుసు.

పాలమూరు వైపు నుంచి అడగాల్సినవి వేరే. వారాల తరబడి హైదరాబాద్‌లో ఉండి రేడియేషన్ చేయించుకోవడం కూలి మనిషి వల్ల కాదు. బ్రిటన్‌లో చిప్ (CHHiP) అనే రేడియేషన్ పరీక్షలో 37 విడతల బదులు 20 విడతలు ఇచ్చినా ఫలితం తగ్గలేదని 2016లో తేలింది. జబ్బు గ్రంథి దాటని కొందరికి ఐదు విడతలు చాలని పేస్ పరీక్ష 2024లో చూపించింది. ముప్పై ఏడు రోజుల కూలి పోవడానికి, ఐదు రోజుల కూలి పోవడానికి తేడా ఎవరూ వివరించక్కర్లేదు. మగ హార్మోను తయారీని ఆపే అబిరాటెరాన్ మాత్రది ఇంకో కథ. ఖాళీ కడుపున 1000 మిల్లీగ్రాములు వేసుకోవాలన్నది నియమం. కొవ్వు తక్కువ ఉన్న అల్పాహారంతో 250 మిల్లీగ్రాములు వేసుకున్నా పీఎస్‌ఏ అంతే తగ్గిందని 72 మందితో చేసిన పరీక్ష 2018లో చెప్పింది. నాలుగో వంతు మందు అంటే నాలుగో వంతు ఖర్చు. అయితే ఆ అల్పాహారం జొన్నరొట్టె, గట్క కాదు. ఇక్కడి తిండితో ఆ లెక్క నిలుస్తుందా అన్నది మహబూబ్‌నగర్ కాలేజీ, ఒక విదేశీ ఫార్మకాలజీ విభాగం కలిసి చూడగలిగిన పని, పెద్ద ఖర్చూ కాదు. మందు కంపెనీలకు దీని మీద ఆసక్తి ఉండదు, అందుకే ప్రభుత్వ గ్రాంట్లు కావాలి.

పరీక్ష చేసే తీరులోనూ జాగ్రత్తలున్నాయి. ఊళ్లో క్యాంపు పెట్టి అందరికీ పీఎస్‌ఏ తీయడం తేలిక, చూడ్డానికి బాగుంటుంది, కానీ అది పొరపాటు. అంకె పెరిగిందని చెప్పి బయాప్సీ దారి చూపించకపోతే మిగిలేది టెన్షనే. మూత్రం బందై పైపు వేసిన మరునాడు తీసిన పీఎస్‌ఏ, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు తీసిన పీఎస్‌ఏ ఊరికే ఎక్కువ చూపిస్తాయి. ప్రొస్టేట్ వాపుకు ఇచ్చే డ్యూటాస్టెరైడ్ కలిసిన మాత్రలు నెలల తరబడి వాడినవాళ్లలో అది సగానికి పడిపోతుంది, క్యాన్సర్ ఉన్నా మామూలుగా కనిపిస్తుంది. ఆర్ఎంపీ దగ్గరో మెడికల్ షాపులోనో తీసుకున్న ఆ మాత్రల పేరు మనిషికి గుర్తుండదు. జేబులోంచి స్ట్రిప్ తీయించి చూసి రాసుకోవాలి. ప్రశ్నావళిలో ఆ ఒక్క గడి లేకపోతే మిగతా లెక్కంతా తప్పుతుంది. అలాగే మూత్రం దారికి అడ్డొచ్చిన గ్రంథిని గీకి తీసిన ముక్కలను పాథాలజీకి పంపకుండా పారేస్తే, బయాప్సీ అవసరం లేకుండానే దొరికే క్యాన్సర్లు చెత్తబుట్టలోకి పోతాయి. లక్షణాలున్నవాళ్లను సరిగ్గా పరీక్షించడం, తీసిన ప్రతి ముక్కనూ చూడడం, ఈ రెండూ సామూహిక స్క్రీనింగ్ కన్నా ముందు జరగాలి. ప్రభుత్వం ముప్పై దాటినవాళ్లకు చేసే క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, ప్రొస్టేట్ లేదు. దాన్ని చేర్చాలా వద్దా అన్న నిర్ణయానికైనా ఇక్కడి లెక్కలు ఉండాలి.

నమ్మకం సంగతి దాటవేయలేం. ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లా ఆడపిల్లలపై 2009లో జరిగిన హెచ్‌పీవీ టీకా అధ్యయనం 2010లో ఆగిపోయింది. తల్లిదండ్రులు చేయాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు చేశారని తేలింది, పార్లమెంటరీ సంఘం 2013 నివేదికలో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ చేదు ఇంకా పోలేదు. నల్లమల చెంచుపెంటల్లోనో మర్రిగూడ తండాల్లోనో ఎవరి దగ్గరైనా రక్తం తీసుకునే ముందు, అది ఎక్కడికి పోతుంది, ఎన్నేళ్లుంటుంది, వద్దంటే ఏం చేస్తారు అన్నది ఇంటివాళ్ల ముందు చదివి వినిపించాలి. సంతకం ఆ మనిషిదే కావాలి, సర్పంచ్‌ది కాదు. విదేశీ భాగస్వామ్యం ఉన్న ఏ ఆరోగ్య పరిశోధనకైనా ఐసీఎంఆర్ ద్వారా హెచ్‌ఎంఎస్‌సీ (ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలన సంఘం) అనుమతి తప్పనిసరి, దానికి నెలలు పడుతుంది. ఆ ఆలస్యాన్ని తిట్టుకోవడం కన్నా ఆ నెలల్లో ఒప్పందం సరిగ్గా రాసుకోవడం మేలు. పరిశోధన పత్రంలో మొదటి, చివరి పేర్లెవరివి, డేటా ఏ సర్వర్లో ఉంటుంది, క్యాన్సర్ బయటపడ్డ మనిషి వైద్యం ఖర్చు ఆరోగ్యశ్రీకి అందనప్పుడు ఎవరు పెట్టుకుంటారు, గ్రాంటు అయిపోయాక రిజిస్ట్రీ క్లర్క్ జీతం ఏమవుతుంది. ఇవన్నీ మొదటి రక్తనమూనా తీయకముందే కాగితం మీద ఉండాలి.

మొదలుపెట్టడానికి చిన్న పని ఒకటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల్లో ఇప్పటికే మైనంలో భద్రపరిచిన ప్రొస్టేట్ ముక్కలను మళ్లీ స్లైడ్లుగా కోసి, స్కాన్ చేసి, ఇక్కడి పాథాలజిస్టు, బయటి దేశపు యూరో పాథాలజిస్టు ఒకరి జవాబు ఒకరికి తెలియకుండా చదివి, క్యాన్సర్ ఎంత ఉధృతమైందో చెప్పే గ్లీసన్ గ్రేడు ఇవ్వడం. ప్రతి స్లైడు పక్కన రోగి పెరిగిన ఊరు, తాగిన నీళ్ల వివరం, ముంజేతి ఎక్స్‌రే. అనుమతులు దీనికీ కావాలి. కణజాలం మాత్రం జిల్లా దాటాల్సిన పని లేదు, చదివేవాళ్లిద్దరి మధ్య తేడా వచ్చిన స్లైడ్లపై వారానికోసారి వీడియోలో కూర్చుంటే సరిపోతుంది.